అక్క చలవ వైద్యం

మార్చి 6

అక్కా,

ఫోన్లో నేను మాట్లాడితే నీ చెవి గుయ్యిమంటోందని నువ్వే అన్నావు. పైగా నీలా ఆయుర్వేద వైద్యశాలలో ముందు బల్ల దగ్గర కూర్చునే మనిషి సొంత కబుర్లకు ఫోను పట్టుకోకూడదట. సరే, కాగితానికి చెవులుండవు కదా, దీని మీదే అరుస్తాను.

నా కొంప మునిగేట్టుంది. నిన్న మా మార్కెట్ మేనేజరు నన్ను గదిలోకి పిలిచి తలుపేశాడు. పిలిచి తలుపేశాడంటేనే తెలిసిపోయింది. ఎప్పుడూ టమాటాలు కొనడానికొచ్చే హోటలు మనిషి ఒకడున్నాడులే, కొనే ముందు ప్రతి టమాటానూ బొటనవేలితో నొక్కుతాడు. నొక్కి, మెత్తబడ్డాక, మెత్తగా ఉంది ధర తగ్గించమంటాడు. మొన్న వాడి వేలు పట్టుకుని సుత్తి ఎత్తాను. కొట్టలేదక్కా, ఎత్తానంతే. వేలంపాట వాడి చేతిలో సుత్తి కాక పువ్వుంటుందా? వాడు పోయి ఫిర్యాదు రాసిచ్చాడు. అంతకుముందువీ ఉన్నాయట, ఒక కట్ట తీసి చూపించాడు మేనేజరు.

జూన్‌లో కమిటీ కూర్చుంటుంది. ఈలోగా నేను చల్లబడకపోతే అరుగు దిగి గోడౌన్లో సంచులు చూసుకోవాలట. ఇన్నేళ్లు ఆ అరుగు మీద నిలబడి కూరగాయలు వేలం పాడినవాణ్ణి, గోడౌన్లో ఎవరికి పాడను, ఎలుకలకా?

నువ్వు పెద్ద డాక్టరమ్మ దగ్గర ఉన్నావు. ముక్కు మీది కోపాన్ని కిందికి దించే మందేదో అడిగి పంపు.

నీ గంట

(చిన్నప్పుడు నువ్వు పెట్టిన పేరే. ఇప్పుడు మార్కెట్టంతా అలాగే పిలుస్తోంది. ఏ ముహూర్తాన పెట్టావో!)


మార్చి 13

ఒరేయ్ గంటా,

డాక్టరమ్మను అడగక్కర్లేదురా. ఆవిడ దగ్గరికి జనం రోగాలతో వస్తారు, నువ్వు స్వభావంతో వస్తున్నావు. పైగా ఈ బల్ల దగ్గర కూర్చుని నేను చెవులు మూసుకోలేదు. లోపల ఆవిడ చెప్పేదంతా తలుపు సందులోంచి నాకు వినిపిస్తూనే ఉంటుంది. దాదాపు చదువుకున్నట్టే.

విను. ఒంట్లో వాతం, పిత్తం, కఫం అని మూడుంటాయి. ముగ్గురు కాపురమున్న ఇల్లనుకో. ఎవరిది పైచేయి అయితే మనిషి ఆ తీరున ఉంటాడు. సన్నగా, పొడిచర్మంతో, చేతులు చల్లగా ఉండి గలగలా మాట్లాడుతూ నిద్ర సరిగా పట్టనివాళ్లది వాతం. నీ పెళ్లాం. చెమటలు, పదునైన మాట, తొందరగా నెరిసే జుట్టు, అగ్గిమీద గుగ్గిలం అయిపోవడం పిత్తం. నువ్వు పుట్టగానే ఏడ్చిన ఏడుపుకి పక్కింటివాళ్లు వచ్చి తలుపు కొట్టారని అమ్మ చెప్పేది కదా, అప్పుడే తెలిసిపోవాల్సింది. ఇక నిదానంగా ఉండి, కొంప అంటుకున్నా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, హాయిగా నిద్రపోయేవాళ్లది కఫం. అది నేను. దాని గురించి ఎక్కువ రాయను, దిష్టి.

నీకు కావలసింది చలవ. కారం మానెయ్, పులుపు మానెయ్, మిరియాలు ఇంట్లోంచే తీసెయ్. పొద్దున ధనియాల నీళ్లు, కీరదోసకాయ. రాత్రి చల్లటి పాలు. ఎవరైనా కోపం తెప్పిస్తే లోపలే చన్నీళ్లు తలుచుకో. రోజూ లేవగానే అద్దంలో నాలుక చూసుకో. ఎర్రగా ఉంటే పిత్తం, తెల్లగా పూసుకుని ఉంటే కఫం.

నాలుక ఎలా ఉందో తప్పక రాయి.

అక్క


మార్చి 24

అక్కా,

నాలుక ఎర్రగానే ఉంది. నా ఒంట్లో రోజంతా పనిచేసేది అదొక్కటే కదా, అలసి ఎర్రబడిందేమో. పొద్దున్నే అద్దం ముందు నాలుక బయటపెట్టి నిలబడితే నీ మరదలు చూసి, ఎవరిని వెక్కిరిస్తున్నావంటూ పోట్లాటకొచ్చింది. ఆవిడది వాతమని చెప్పాను. ఆవిడకి ఇంకా వాతం చేసింది.

కీరదోసకాయ గురించి. మనిషి తినేది కాదక్కా అది. నీళ్లకు చర్మం తొడిగినట్టుంటుంది. మా మార్కెట్లో గంపలకు గంపలు అమ్మాను గాని ఎవరు తింటారో ఇన్నాళ్లూ ఆలోచించలేదు, నా పాపం.

ఇక్కడ పరిస్థితి చెప్తాను, నా తప్పొక్కటే కాదని నీకు తెలియాలి. మమ్మల్ని రేకుల షెడ్డులోకి మార్చారు. పాత చోట తెల్లారకముందే లారీలొచ్చేవి, ఎండ ముదరకముందే వేలం అయిపోయేది. ఇప్పుడు కొత్త రోడ్డు చుట్టూ తిరిగి రావాలి కాబట్టి లారీలు ఎప్పుడో వస్తాయి. వేలం ముగిసేసరికి మధ్యాహ్నం దాటి సాయంత్రానికి దగ్గరవుతోంది. నెత్తిమీద రేకు, కింద సిమెంటు. చివరి గంప అమ్ముడయ్యేదాకా వేలంవాడు ముద్ద ముట్టకూడదన్నది నాకు పాట నేర్పిన గురువుగారి నియమం, నీకు తెలుసుగా. కడుపు నిండితే గొంతులో తొందర పోతుందనేవాడాయన. ఆ సమయంలో వచ్చి టమాటా నొక్కితే ఎవరికైనా సుత్తి లేవదా? నువ్వు నిలబడి చూడు, నీ కఫమూ లేచి కూర్చుంటుంది!

కోపం ఆవగింజంతైనా తగ్గలేదు. పాలు చల్లగా తాగి వేడిగా అరుస్తున్నాను. ఇంకేదైనా గట్టి మందు చెప్పు.

నీ గంట


ఏప్రిల్ 2

ఒరేయ్ గంటా,

నీ ఉత్తరం చదువుతుంటే కాగితమే వేడిగా తగిలింది. పిత్తం ఎంతగా ఎగసిపడుతోందో అర్థమైంది. షెడ్డు, రేకు, లారీ అని ఊరందరి మీదా నెపాలు వెయ్యడం కూడా దాని లక్షణమే, ఇక్కడికొచ్చే ఇలాంటివాళ్లు కూడా అచ్చం అలాగే మాట్లాడతారు. ఒకాయన తన జుట్టు రాలడానికి అల్లుడు కారణమన్నాడు.

మోతాదు పెంచుతున్నాను. కీర రెండు పూటలా. పాలు పొద్దున కూడా. పెరుగు బాగా తిను, మధ్యాహ్నం నీడ దొరికితే కునుకు తియ్యి. ముఖ్యంగా, వేలం పాడేటప్పుడు గొంతు పెంచకు. గొంతు పెరిగితే పిత్తం పెరుగుతుంది. మెల్లగా, లాలిపాటలా పాడు. నా మాట మీద నమ్మకముంచి చెప్పింది చెప్పినట్టు చెయ్యి. అరుగు నీకు దక్కాలంటే ఇదొక్కటే దారి.

డాక్టరమ్మకు నీ సంగతి ఇంకా చెప్పలేదు. నయం చేసి, ఒకేసారి ఆశ్చర్యపరుద్దామని.

నాలుక రంగు రాయి.

అక్క


ఏప్రిల్ 21

అక్కా,

నువ్వు చెప్పినవన్నీ చేస్తున్నాను. కోపం తగ్గింది. హోటలు మనిషి నిన్న టమాటాలన్నీ నొక్కాడు. నేనేమీ అనలేదు. నాలుక తెల్లగా ఉంది.

ఇక్కడంతా బాగానే ఉంది.

నీ తమ్ముడు


ఏప్రిల్ 28

బంగారుకొండా,

నీ ఉత్తరం చూసి ఆనందం పట్టలేకపోయాను! ఒక్క అరుపు లేదు, ఒక్క ఎత్తిపొడుపు లేదు. నీ చేతిరాత కూడా సాఫీగా ఉంది, మామూలుగా అక్షరాలు ఒకదాన్నొకటి తన్నుకుంటున్నట్టుంటాయి. పాత ఉత్తరం, కొత్త ఉత్తరం పక్కపక్కన పెట్టి బల్ల దగ్గర వేచి ఉన్నవాళ్లకు చూపించాను. నడుం నొప్పికి వచ్చిన ఒకావిడ, ఇదంతా కీరదోసకాయ వల్లేనా అని నోరెళ్లబెట్టింది. వాళ్లాయనకు కూడా రాసివ్వమంటే రాసిచ్చాను. మరో ఇద్దరికి కూడా. అందరూ డాక్టరమ్మను చూడకుండానే వెళ్లిపోతే ఎలాగని వాళ్లను ఆపాల్సి వచ్చింది.

మీ మేనేజరు ఏమన్నాడు? మొహం మాడిపోయి ఉంటుంది. జూన్‌లో కమిటీ ముందు ఇలాగే నిలబడు. అరుగు నీదే.

అక్క


మే 9

అక్కా,

మేనేజరు ఏమీ అనలేదు. బాగున్నాను. నిద్ర బాగా పడుతోంది.

నీ తమ్ముడు

వదినా, కవరు అంటించమని ఇచ్చారు, ఇంతే రాశారని చూసి నేను రెండు ముక్కలు కలుపుతున్నాను. ఇంటికొచ్చి, గోడకు ఆనుకుని కూర్చుని, అలాగే నిద్రపోతున్నారు. నాతో గొడవ పెట్టుకుని ఎన్నాళ్లయిందో. నిన్న కావాలనే కూరలో ఉప్పు రెండింతలు వేశాను. ఒక్క మాట అనలేదు వదినా, తినేసి చెయ్యి కడుక్కున్నారు. మీ వైద్యం గొప్పదే, కాదనను. కాని ఇంట్లో ఎవరూ లేనట్టుంది. నాకు భయమేస్తోంది. ఆయన మార్కెట్ సంగతి కూడా చెప్పడం లేదు. మీరైనా అడగండి.

మీ మరదలు


మే 15

తమ్ముడూ,

నాకు తగిన శాస్తి జరిగింది. తొందరపడకు, వరసగా చెప్తాను.

నడుంనొప్పి ఆవిడ భర్త నేను రాసిచ్చిన కీరదోసకాయ తిని, జలుబుతో, దగ్గుతో వచ్చి, ఎవరమ్మా మందు రాసిచ్చిందని లోపల అరిచాడు. డాక్టరమ్మ నన్ను పిలిచింది. పిలిచి తలుపేసింది. నీ మేనేజరు నిన్ను పిలిచినప్పుడు నీకెలా అనిపించి ఉంటుందో ఇప్పుడు తెలిసింది. నీ గురించి కూడా అంతా చెప్పేశాను, నా మాటకు బలం వస్తుందని నీ ఉత్తరాలు కూడా చూపించాను, మా తమ్ముడెలా చల్లబడ్డాడో చూడండని.

ఆవిడ అన్నీ వరసగా చదివింది. మొదటి రెండూ చదువుతూ నవ్వింది. ఆఖరివి చదివి నవ్వడం మానేసింది. "ఈ మనిషి పుట్టినప్పటినుంచీ ఇలా నెమ్మదిగా ఉండేవాడా?" అంది. "అబ్బే, వాడు పుట్టడమే అరుస్తూ పుట్టాడండి" అన్నాను. "మరి నోట్లో నాలుక లేనివాడైపోతే మీరెందుకమ్మా సంబరపడుతున్నారు?" అంది.

నేను ఉత్తరాలు మడవబోతే ఆవిడ ఆపింది.

"పుట్టుకతో వచ్చిన తీరు ఒకటుంటుంది, అది ప్రకృతి. అందులోంచి మనిషి ఎటు జారాడన్నది వికృతి. మేం సరిచేసేది రెండోదాన్ని. మీరు మొదటిదాని మీద బకెట్లతో నీళ్లు పోశారు. అతని ఆకలి కూడా ఆరిపోయి ఉంటుంది. తెల్లనాలుక, మత్తు, బరువు. పిత్తం మనిషికి మీరు కఫం తెచ్చిపెట్టారు" అంది. కఫం అన్నప్పుడు నా వైపే చూసింది.

కీర, చల్లటి పాలు, పగటి కునుకు ఇవాళే ఆపెయ్. మనిషిని చూడకుండా మందివ్వను, ఒకసారి రమ్మను అంది. ఈలోగా ఒక్కటి అడగమంది. నువ్వెప్పుడూ గట్టిగా మాట్లాడేవాడివే. కాని మనిషి మీదికి సుత్తి ఎత్తేంత కోపం ఎప్పటినుంచి? అది రావడానికి ముందు నీ రోజులో ఏం మారింది?

బాగానే ఉన్నానని రాయకు. నీ మరదలికి, అదే, నీ పెళ్లానికి ఏడుపొక్కటే తక్కువ. నాకూ.

అక్క


మే 22

అక్కా,

బాగానే లేను. రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను.

నువ్వు లాలిపాటలా పాడమన్నావు. పాడాను. ఒకటోసారి అన్నాక రెండోసారి అనడానికి బద్ధకమేసేది. నేను ఎప్పుడంటానా అని చూసిచూసి కొనేవాళ్లు టీకి వెళ్లిపోయేవాళ్లు. వాళ్లు తిరిగొచ్చేసరికి ఆకుకూర వాడిపోయేది. పండించినవాళ్లు నన్ను తిట్టలేదు. అదే బాధ. వెనక్కి వెళ్లి వేరే మార్కెట్ గురించి గుసగుసలాడుకునేవాళ్లు.

పోయిన వారం క్యాబేజీలు తెచ్చే ముసలావిడ నా వైపు కాసేపు చూసి, "నాయనా, నీకు ఒంట్లో బాలేదులే, నా క్యాబేజీలు నేనే అరుచుకుంటా, కాస్త పక్కకు జరుగు" అని అరుగెక్కింది. ఎక్కి, నా సుత్తి తీసుకుని, నాకంటే మంచి ధరకు అమ్ముకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. సిగ్గు కూడా వెయ్యలేదక్కా. ఇంటికొచ్చాక, సిగ్గెందుకు వెయ్యలేదా అని భయమేసింది.

మేనేజరు అన్న మాట నీ దగ్గర దాచాను. "కోపం తగ్గించుకోమంటే గొంతే తగ్గించేశావేంటయ్యా" అన్నాడు. కోపముంటే అరుగు దిగాలి. కోపం లేకపోయినా దిగాలి. కమిటీ జూన్ మొదటి శుక్రవారం.

నీకెందుకు చెప్పలేదంటే, నువ్వు బంగారుకొండా అని రాశావు. చిన్నప్పటినుంచి ఎప్పుడన్నావు ఆ మాట? పాడుచెయ్యాలనిపించలేదు.

ఇక డాక్టరమ్మ ప్రశ్న. ఎప్పటినుంచి అంటే, షెడ్డు మారినప్పటినుంచి. ఏం మారిందంటే, ముందే రాశానుగా, మార్చిలోనే రాశాను. వేలం సాయంత్రం దాకా పోతోంది, చివరి గంప దాకా నేను ముద్ద ముట్టను. పాత చోట అయితే ఎండ ముదరకముందే ఇంటికొచ్చి తినేవాణ్ణి, గురువుగారి నియమం ఎప్పుడూ బరువనిపించలేదు. షెడ్డు మారాక పొద్దున తాగిన కాఫీ మీదే నిలబడేవాణ్ణి, నీ వైద్యం మొదలయ్యాక కీర మీద. మధ్యాహ్నానికి కడుపులో మంట, కళ్లముందు చీకట్లు, చేతులు వణుకు. ఆ సమయంలోనే హోటలు మనిషి బొటనవేలు కనిపించేది.

కోపం తెచ్చుకోకు గాని ఒకటంటాను. ఏం తినాలో, ఏం మానాలో నీ ప్రతి ఉత్తరంలో రాశావు. నాలుక రంగు అడిగావు. ఇదివరకు ఏ ఉత్తరం రాసినా, ఎన్ని తిట్లు తిట్టినా, చివర తిన్నావా అని అడిగేదానివి. వైద్యశాలలో చేరాక ఒక్కసారి కూడా అడగలేదు.

తమ్ముడు


మే 27

గంటా,

నీ ఉత్తరం చదివి బల్ల కింద తల పెట్టుకుని ఏడ్చాను. ఎవరో వచ్చి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగితే, లేరు అని బల్ల కిందనుంచే చెప్పాను.

తప్పు నాదిరా. తలుపు సందులోంచి విన్నదాన్ని పట్టుకుని నీ ప్రాణం తీశాను. నువ్వు తినలేదని కళ్లకు కట్టినట్టు రాస్తే, అది కూడా జబ్బు లక్షణమే అనుకున్నాను.

డాక్టరమ్మకు చూపిస్తే ముద్ద ముట్టననే ముక్క దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది. "మీ తమ్ముడిది మంట స్వభావం. పొయ్యి అన్నాక దాని మీద ఏదో ఒకటి ఉడకాలి. ఏమీ పెట్టకపోతే గిన్నెనే మాడుస్తుంది. అందరికంటే ఆకలికి తట్టుకోలేనిది ఈ తీరు మనిషే. మధ్యాహ్నం వేళకు వేడివేడి అన్నం తినమనండి. మిగతాది నాడి చూశాక" అంది.

గురువుగారి నియమం నీకు ప్రాణమని తెలుసు. కాని ఆయన కాలంలో చివరి గంప పొద్దున్నే అమ్ముడుపోయేది. ఆయనే ఉంటే ఆ రేకుల కింద ఒక్క రోజు నిలబడి, నియమం తానే మార్చేవాడు. కమిటీ రోజైనా సరే, తిని పాడు. నా మీద నమ్మకం పోయుంటే డాక్టరమ్మ మాట విను.

అక్క


జూన్ 8

ఓ మహా వైద్యురాలా!

ముందు నిన్ను తిట్టాలి, తర్వాతే కబుర్లు. రెండు నెలలు నాతో కీరదోసకాయలు మేపించావు! నేను మనిషినా, మేకనా? ఇంటి ముందు ఎవరైనా కీర అని కేకేస్తే ఇప్పటికీ నా పళ్లు జిల్లుమంటున్నాయి. నా పాత ఉత్తరాన్ని ఊరందరికీ చూపిస్తావా? నడుంనొప్పి వచ్చిన మనిషి మొగుడికి జలుబు తెప్పిస్తావా? ఈసారి నువ్వు తలుపు సందులో చెవి పెడితే ఆ తలుపు నీ ముక్కుకి తగలాలి. నీది కఫం కాదక్కా, కొవ్వు!

ఇప్పుడు విను. నువ్వు చెప్పినప్పటినుంచి, వేలం మొదలెట్టే ముందే గోడౌన్లో దాక్కుని నాలుగు ముద్దలు మింగుతూ వచ్చాను, దొంగలా. గొంతు మెల్లగా తిరిగొచ్చింది. శుక్రవారం మాత్రం కమిటీవాళ్లు పొద్దున్నే వచ్చి నన్ను కదలనివ్వలేదు. లారీలు ఎప్పటిలాగే ఆలస్యం. మధ్యాహ్నమైంది. రేకులు కాలుతున్నాయి. కమిటీవాళ్లు కుర్చీల్లో కూర్చుని కాగితాలతో విసురుకుంటున్నారు. పొద్దుటి కాఫీ తప్ప నా కడుపులో ఏమీ లేదు. సరిగ్గా అప్పుడు హోటలు మనిషి టమాటా గంప దగ్గరికొచ్చి బొటనవేలు చాపాడు.

సుత్తి ఎత్తాను. మేనేజరు కళ్లు మూసుకున్నాడు. నేను సుత్తిని బల్ల మీద పెట్టేసి, నా మొత్తం గొంతుతో "భోజనం!" అని అరిచాను. అంత గట్టిగా నా జన్మలో అరవలేదు. అరుగు మీదే కూర్చుని, నీ మరదలిచ్చిన డబ్బా మూత తీశాను. షెడ్డంతా నా వైపు తిరిగింది. ఇన్నేళ్లలో వేలంవాడు అందరిముందూ తినడం ఎవరూ చూడలేదు. మనసులో గురువుగారికి దణ్ణం పెట్టుకుని ముద్ద కలిపాను.

మొదట క్యాబేజీ ముసలావిడ తన మూట విప్పింది. "నాకూ ఎప్పటినుంచో కడుపు కాలుతోంది, వీడు తినడు, మమ్మల్ని తిననివ్వడు" అంది. చూస్తుండగానే గంపల మధ్య అందరూ కూర్చున్నారు. హోటలు మనిషి మాత్రం నిలబడే ఉన్నాడు. ఊరికి వండిపెట్టే మనిషి తనకోసం ఏమీ తెచ్చుకోలేదు. వాడికి నా డబ్బా మూతలో అన్నం పెట్టాను. మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

తిన్నాక మళ్లీ మొదలెట్టాం. వాడు అలవాటు కొద్దీ మళ్లీ నొక్కాడక్కా! "బాబూ, అది టమాటా, కాలింగ్ బెల్ కాదు, తలుపెవరూ తియ్యరు" అన్నాను. షెడ్డంతా గొల్లుమంది. వాడూ నవ్వాడు. అదే గొంతు, అదే నేను. మార్చిలో అయితే అదే మాటకు పోలీసులొచ్చేవాళ్లు.

కమిటీ అరుగు నాకే ఉంచింది. మధ్యాహ్నం భోజనానికి వేలం ఆపాలని మేనేజరుతో రాయించింది కూడా. వచ్చే వారం డాక్టరమ్మకు నాడి చూపించుకోవడానికి వస్తున్నాను, నీ మరదలు కూడా వస్తుంది. ఆవిడ నాతో మూడు గొడవలు పెట్టుకుని, ముఖం వెలిగిపోతూ తిరుగుతోంది.

నీ గంట


జూన్ 14

ఒరేయ్ గంటా,

నీ తిట్లకు మొహం వాచి ఉన్నానురా. మూడుసార్లు చదువుకున్నాను. కొవ్వు అన్న చోట నవ్వి, మూత అన్న చోట ఏడ్చాను. అక్షరాలు మళ్లీ ఒకదాన్నొకటి తన్నుకుంటున్నాయి, చూస్తే ప్రాణం లేచొచ్చింది. డాక్టరమ్మకు చదివి వినిపిస్తే, ఈ మనిషికి నేనిచ్చే మందు పెద్దగా ఉండదేమో, అయినా రానివ్వండి అంది.

నా ఉద్యోగం ఉంది. కాకపోతే వాతం, పిత్తం, కఫం అనే మూడు మాటలూ బల్ల దగ్గర నా నోట రాకూడదని గట్టిగా చెప్పింది. మరి వచ్చినవాళ్లతో ఏం మాట్లాడనండీ, నోరు కట్టేసుకోనా అన్నాను. మీకు తెలిసింది ఒకటుంది కదా, అది అడగండి అంది. ఇప్పుడు ఎవరొచ్చినా కుర్చీ చూపించి అదే అడుగుతున్నాను. కొందరు లేదంటారు, అదేదో నేరం ఒప్పుకున్నట్టు. వాళ్లను ముందు లోపలికి పంపుతున్నాను.

రైలు దిగగానే నేరుగా ఇంటికి రండి, వైద్యశాలకు తర్వాత వెళ్దాం. వేడిగా వండి ఉంచుతాను. కీర లేదు.

తిన్నావా?

అక్క